పిల్లల క్లబ్బులో చేత్తో చేసే పనులు: అగ్నిపర్వతం అయిపోయింది, తర్వాత ఏంటి?

కాలవగట్టు | జూన్ 10, రాత్రి 9:42

అందరికీ నమస్కారం. మాది తణుకు దగ్గర ఓ ఊరు. మా యువజన సంఘానికి ఒక గది ఉంది. వినాయక చవితికి పది రోజుల ముందు తాళం తీస్తాం, నిమజ్జనం అయ్యాక మళ్లీ వేసేస్తాం. ఈ ఎండాకాలం సెలవుల్లో నలుగురం కూర్చుని, ఆదివారం పొద్దున 8 నుంచి 10 దాకా ఊళ్లో పిల్లలతో ఏదైనా చేయిద్దామని మొదలుపెట్టాం. 8 ఏళ్ల నుంచి 14 ఏళ్ల వరకు 18 మంది వస్తున్నారు.

మొదటి వారం అగ్నిపర్వతం. మట్టి కొండ, లోపల వంటసోడా, పైనుంచి వెనిగర్, రంగుకి కాస్త కుంకుమ. బ్రహ్మాండంగా పొంగింది. వీడియో ఊరి వాట్సాప్ గ్రూపులో పెడితే సర్పంచ్ గారు కూడా చప్పట్ల బొమ్మ పెట్టారు. రెండో వారం పిల్లలు గుమ్మంలోకి రాగానే "ఇవాళ ఏం పేలుద్ది?" అన్నారు. నేను స్కేలు తీసి కొలతల గురించి చెప్పబోయా. అరగంటలో ఏడుగురు క్రికెట్‌కి వెళ్లిపోయారు.

చూడ్డానికి బాగుండేవి యూట్యూబ్ నిండా ఉన్నాయి. నాకు కావాల్సింది పిల్లలే చేసి, పాడుచేసి, మళ్లీ చేసుకునేవి. చందాలు పోగేస్తే నెలకు 1500 రూపాయలు వస్తాయి. గదిలో రెండు ట్యూబ్‌లైట్లు, ఒక ఫ్యాను, బయట చేతిపంపు, పక్కనే పంటకాలవ. ఇలాంటివి నడిపినవాళ్లు ఉంటే చెప్పండి.

టీచరమ్మ_ఖమ్మం | జూన్ 10, రాత్రి 10:31

కాలవగట్టు గారూ, వారానికో కొత్త ఐటమ్ పెట్టాలన్న టెన్షన్ ముందు వదిలేయండి. అలా పెడితే పిల్లలకి అది సినిమా అయిపోతుంది. ఒకే వస్తువుతో మూడు వారాలు ఉండండి. మొదటి వారం చెడిపోనివ్వండి, రెండో వారం ఎందుకు చెడిందో వాళ్లనే వెతకనివ్వండి, మూడో వారం వాళ్ల ఇష్టం.

22 ఏళ్లు బడిలో సైన్సు చెప్పాను. అందరికన్నా ఎక్కువ పనికొచ్చింది సైకిల్ వాల్వ్ ట్యూబు. ఆ సన్నటి రబ్బరు గొట్టాన్ని చిన్న ముక్కలుగా కోసి, అగ్గిపుల్లలు రెండు వైపుల నుంచి గుచ్చితే కీలు తయారు. ఈ కిటుకు అరవింద్ గుప్తా గారిది. ఐఐటీ కాన్పూర్‌లో చదివి, మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ సైన్సు కార్యక్రమంలో పల్లెటూరి పిల్లల మధ్య కూర్చుని చేశారు. 2018లో పద్మశ్రీ ఇచ్చారు. ఆయన బొమ్మలన్నీ చెత్తలోంచి చేసేవే, ఆయన వెబ్‌సైట్‌లో ఉచితంగా ఉన్నాయి.

అగ్గిపుల్లలు వద్దనుకుంటే చీపురుపుల్లలు వాడండి. చతురస్రం చేయించండి, వేలితో నొక్కితే పక్కకి ఒరుగుతుంది. త్రిభుజం ఒరగదు. మీరు నోరు మెదపకండి. "ఒరగకుండా చతురస్రాన్ని నిలబెట్టండి" అని మాత్రం చెప్పి పక్కకి తప్పుకోండి. ఎవరో ఒకరు మూలల మధ్య అడ్డపుల్ల పెడతారు. ఆ తర్వాత కరెంటు టవరు కనపడ్డప్పుడల్లా వాళ్లే మీకు చూపిస్తారు.

రోబో_నాన్న | జూన్ 11, ఉదయం 7:05

హైదరాబాద్ నుంచి. మా అపార్ట్‌మెంట్‌లో పిల్లల క్లబ్ ఉంది. ఇంకా చీపురుపుల్లల దగ్గరే ఉంటే ఎలా అండీ? మంచి రోబోటిక్స్ కిట్ 6 వేలకి వస్తుంది. ఆర్డుయినో బోర్డు (ప్రోగ్రాం రాసి నడిపే చిన్న సర్క్యూట్ బోర్డు), సెన్సర్లు, చక్రాలు అన్నీ ఉంటాయి. నాలుగు నెలల చందా దాచండి, ఒక కిట్ కొనండి. పల్లెటూరి పిల్లలకి కూడా ఆ ఎక్స్‌పోజర్ ఉండాలి కదా.

టీచరమ్మ_ఖమ్మం | జూన్ 11, ఉదయం 7:40

18 మందికి ఒక కిట్ అంటే ఒకడు ముట్టుకుంటాడు, ఇద్దరు పక్కన కూర్చుంటారు, 15 మంది వెనక నిలబడతారు. అలా ముట్టుకునేవాడు ఎవరి కొడుకో కూడా నేను చెప్పగలను, చందా ఎక్కువ ఇచ్చినాయన కొడుకు. నేను బోర్డులకి వ్యతిరేకం కాదు బాబూ. పదమూడేళ్లు దాటాక, రెండు వైర్లు కలిపితే ఏమవుతుందో చేతికి తెలిశాక ఇవ్వండి.

నల్లరేగడి | జూన్ 11, మధ్యాహ్నం 1:12

మాది నల్లగొండ వైపు. కిట్ కొనాల్సిన పనేముంది అన్నా, తాటిచెట్లున్న ఊరు కదా మీది. ముంజల సీజన్ ఇంకో పది రోజులుంటది. ముంజలు తిన్నంక బుర్రలు పారెయ్యకుండా బండి చేయించు. రెండు బుర్రలు, మధ్యల ఒక కర్ర, దాన్ని నెట్టడానికి పొడుగు పంగల కర్ర. చిన్నప్పుడు మేమందరం అదే నడిపినం.

ఇంట్ల చదువు ఏముందంటవా? బండిని గట్టిగ మలిపి చూడమను. ఒక బుర్ర తిరుగుద్ది, ఇంకోటి నేలను ఈడ్చుకుంటది. రెండూ ఒకే కర్రకి బిగిసి ఉన్నయి కాబట్టి. లోపలి చక్రం తక్కువ దూరం పోవాలె, బయటిది ఎక్కువ పోవాలె, కానీ రెండూ ఒక్కతీరుగ తిరుగుతయి. నేను ట్రాక్టర్ మెకానిక్‌ని. ట్రాక్టర్ వెనక ఇరుసుల డిఫరెన్షియల్ (రెండు చక్రాలను వేరే వేరే వేగంతోని తిరగనిచ్చే పళ్లచక్రాలు) ఎందుకుంటదో కొత్తగ వచ్చిన కుర్రాళ్లకి నేను ఈ బండి బొమ్మ గీసే చెప్త.

వైండింగ్_బాబాయ్ | జూన్ 11, రాత్రి 8:50

మీ జిల్లావాడినే. పంపుసెట్ మోటార్లు రీవైండింగ్ చేస్తాను, 30 ఏళ్లయింది. పిల్లలతో మోటారు చేయించు బాబూ. కావాల్సినవి చెప్తా: టార్చిలైటు పెద్ద సెల్లు ఒకటి, పిన్నీసులు రెండు, పాత స్పీకర్లోంచి తీసిన అయస్కాంతం, ఎనామిల్ పూత ఉన్న రాగితీగ ఒక మీటరు, సెల్లుకి చుట్టడానికి సైకిల్ ట్యూబు ముక్క. తీగని సెల్లు చుట్టూ పది చుట్లు చుట్టి తీసేస్తే రింగు వస్తుంది. రెండు కొసలు అటోటి ఇటోటి బయటికి లాగాలి. పిన్నీసుల్ని సెల్లు రెండు చివర్లకీ ట్యూబు ముక్కతో బిగించి, వాటి కన్నాల్లో ఆ కొసలు పెట్టి, కింద అయస్కాంతం ఉంచితే తిరుగుతుంది.

తీగ కోసం ఏ వైండింగ్ షాపుకైనా వెళ్లి కొత్త తీగ ముక్కలు అడుగు, ఊరికే ఇస్తారు. కాలిపోయిన మోటార్లోంచి పీకిన తీగ మాత్రం తీసుకోవద్దు. దాని పూత మాడిపోయి ఉంటుంది, చుట్టు చుట్టు ఒకదానికొకటి తగిలి పనిచెయ్యదు.

డల్లాస్_పిన్ని | జూన్ 12, ఉదయం 6:20

ఇక్కడ అమెరికాలో ఫోర్ హెచ్ అని పిల్లల క్లబ్బులున్నాయి. వందేళ్లు దాటింది. హెడ్, హార్ట్, హ్యాండ్స్, హెల్త్, ఈ నాలుగు హెచ్‌లు. నాలుగాకుల గుర్తు ఉంటుంది. మొదట్లో పల్లెటూళ్లలో మొక్కజొన్న, కోళ్లు, డబ్బాల్లో టమాటాలు నిల్వ చేయడం లాంటి పనులు. ఇప్పుడు రాకెట్ల దాకా అన్నీ ఉన్నాయి. వ్యవసాయ యూనివర్సిటీల విస్తరణ విభాగాలే నడుపుతాయి.

మావాడు రెండేళ్ల కింద కోళ్ల ప్రాజెక్టు తీసుకున్నాడు. వీళ్ల దగ్గర నాకు నచ్చింది రికార్డు పుస్తకం. ఎన్ని గుడ్లు, దాణాకి ఎంత, ఏ కోడి ఎప్పుడు నీరసపడింది, అన్నీ పిల్లవాడే రాయాలి. కౌంటీ సంతలో జడ్జిగారు కోడిని అటూ ఇటూ తిప్పి చూశాక పుస్తకం తెరిచారు. రెండు వారాలు ఖాళీగా ఉంది. "అప్పుడు ఏమైంది?" అన్నారు. మావాడు "గుంటూరు నుంచి అమ్మమ్మ వచ్చింది" అన్నాడు. "మరి రాత్రిపూట గూడు తలుపు ఎవరు వేశారు?" "అమ్మ." ఆయన నావైపు ఒక చూపు చూశారు. ఆ ఏడు బహుమతి రిబ్బన్ రాలేదు. నాకు ఇప్పటికీ సిగ్గే.

మీ పిల్లలకి తలా ఒక నోటుబుక్కు ఇవ్వండి. నీట్‌గా ఉండక్కర్లేదు. పాడైంది కూడా రాయాలి, అంతే.

ఇద్దరు_పిల్లల_అమ్మ | జూన్ 12, ఉదయం 11:03

ఏమనుకోకండి, నిజం చెప్తున్నా. ఆదివారం పొద్దున మా ఊళ్లో ట్యూషన్లు. పిల్లాడు మోటారు చేసుకొచ్చాడని ఎవరూ మార్కులు వెయ్యరు. మా పెద్దాడు ఏడో తరగతిలో ఎగ్జిబిషన్‌కి ప్రాజెక్టు అంటే రాత్రి ఒంటిగంట దాకా థర్మోకోల్ కోసింది నేనే. ఫస్ట్ ప్రైజు కూడా నాకే వచ్చింది 😀

కాలవగట్టు | జూన్ 17, రాత్రి 10:10

అందరికీ థాంక్స్. ఈ వారం రిపోర్టు.

చీపురుపుల్లలు హిట్. వాల్వ్ ట్యూబు మూడు షాపులు తిరిగాక దొరికింది. అడ్డపుల్ల పెట్టింది ఎనిమిదేళ్లవాడు, పెద్దవాళ్లెవరూ కాదు. ఆ తర్వాత రెండు కుర్చీల మధ్య వంతెన కట్టి గ్లాసులో రాళ్లు వేసుకుంటూ పోయారు. 41 రాళ్లకి విరిగింది. "మళ్లీ కడతాం" అన్నది వాళ్లే.

నోటుబుక్కులు ఇచ్చాం. మొదటి పేజీలో ఒకడు "సార్ ఈరోజు ఇడ్లీ తినకుండా వచ్చాడు" అని రాశాడు. పరిశీలన బాగుంది కదా.

మోటారే అట్టర్ ఫ్లాప్. ఆరు జట్లు చేశాం, ఒక్కటీ తిరగలేదు. రింగు అటు ఒకసారి, ఇటు ఒకసారి ఊగి ఆగిపోతోంది, పూనకం రాబోయి రానట్టు. తీగ కొసలు బ్లేడుతో నేనే తళతళలాడేలా గీకి ఇచ్చా. సెల్లులు కూడా కొత్తవే. బాబాయ్, ఏంటి తప్పు?

వైండింగ్_బాబాయ్ | జూన్ 17, రాత్రి 10:38

తప్పు రెండు. ఒకటి, నువ్వు గీకావు. పిల్లలు గీకాలి. రెండు, మొత్తం గీకావు.

ఒక కొస చుట్టూరా గీకాలి. రెండో కొస సగమే గీకాలి. రింగుని బల్ల మీద నిలువుగా పట్టుకుని, ఆ కొసకి పైవైపు పూత మాత్రం తీసి, కిందివైపు అలాగే ఉంచాలి. ఎందుకంటే అయస్కాంతం రింగుని ఒక దిక్కుకి తోస్తుంది. సగం చుట్టు తిరిగాక రింగు తిరగబడుతుంది, అప్పుడూ కరెంటు పారితే అదే బలం వెనక్కి లాగుతుంది. నీకు ఊగింది అందుకే. సగం పూత ఉంటే ఆ సగం చుట్టులో కరెంటు ఆగిపోతుంది, రింగు దాని ఊపు మీద తిరిగి వస్తుంది, మళ్లీ తోపు తగులుతుంది. గుడిలో ఉయ్యాల ఊపేటప్పుడు దగ్గరికొచ్చినప్పుడు తోస్తామా, వెళ్లేటప్పుడు తోస్తామా? అదే లెక్క.

తిరగకుండా ఆగిపోతే వెంటనే తీగ పైకి ఎత్తెయ్యమను. అలాగే వదిలేస్తే సెల్లు, పిన్నీసు వేడెక్కుతాయి. వేలు చురుక్కుమంటుంది.

కాలవగట్టు | జూన్ 24, రాత్రి 9:15

తిరిగింది బాబాయ్! ఆరులో నాలుగు తిరిగాయి. ఈసారి బ్లేడు నేను పట్టుకోలేదు, గరుకు కాగితం వాళ్ల చేతికే ఇచ్చా. ఒక జట్టు అయస్కాంతం తిరగేసి పెట్టింది, రింగు వెనక్కి తిరిగింది. ఆ అరుపులకి పక్కింటి మామ్మగారు బయటికొచ్చారు. తిరగని రెండు జట్లవాళ్లు మా ఇంటికొచ్చి సోమవారం సాయంత్రం కూడా గీకుతూ కూర్చున్నారు. ఒకటి తిరిగింది. ఇంకోటి ఇంకా మొండికేస్తోంది.

@ఇద్దరు_పిల్లల_అమ్మ, మీరు రాసింది చదివి మావాళ్లందరం నవ్వుకున్నాం. కానీ నిజమే, ఈ ఆదివారం ట్యూషన్ అని నలుగురు రాలేదు. టైం మార్చి చూస్తాం, 6:30 నుంచి 8:30.

రోబో_నాన్న | జూన్ 25, ఉదయం 7:22

సరే, చీపురుపుల్లల మీద మాట వెనక్కి తీసుకుంటున్నా. మొన్న మా క్లబ్‌లో కిట్ రోబో నల్లగీత మీద నడవలేదు. పిల్లలందరూ నావైపే చూశారు. వైర్లు నేను బిగించాను కాబట్టి విప్పడం కూడా నా పనే అనుకున్నారు.

ఒక ఐడియా. పాత ప్రింటర్లు, డీవీడీ ప్లేయర్లు, రిమోట్ కార్లు పాత సామాన్లవాడి దగ్గర కిలోల లెక్కన దొరుకుతాయి. విప్పించండి. ఒక్క ప్రింటర్లో మోటార్లు, పళ్ల చక్రాలు, స్ప్రింగులు, నున్నటి ఇనుప కడ్డీ ఉంటాయి. విప్పడం కూడా పెద్ద చదువే. ఏ స్క్రూ ఎక్కడిదో గుర్తుండాలి కదా. మేం గుడ్ల అట్ట వాడాం, ఒక్కో గుంటలో ఒక్కో చోటి స్క్రూలు.

వైండింగ్_బాబాయ్ | జూన్ 25, ఉదయం 8:05

మంచి ఐడియానే. కానీ ఇది మాత్రం పెద్దక్షరాలతో రాసుకోండి. పాత డబ్బా టీవీ, మైక్రోవేవ్ ఓవెను, ఇన్వర్టరు, ఫ్లాష్ ఉన్న కెమెరా, ఇవి పిల్లలు విప్పకూడదు. ప్లగ్గు తీసేసినా లోపల కెపాసిటర్లో కరెంటు నిలవుంటుంది. అన్నిటికన్నా మోసం చేసేది దోమల బ్యాటు. ప్లాస్టిక్ బొమ్మలాగా ఉంటుందని తేలిగ్గా తీసుకుంటారు. స్విచ్ ఆపి చాలాసేపయినా ఫట్‌మని కొడుతుంది. మా షాపులో పనికొచ్చిన కుర్రాడు దాని దెబ్బకి స్టూలు మీంచి పడ్డాడు.

ఇంకోటి. క్లబ్బులో గోడ ప్లగ్గు వాడే ప్రాజెక్టు ఒక్కటి కూడా వద్దు. సెల్లులతో అయ్యేవే పెట్టండి. విప్పే ముందు ప్లగ్గు వైరు మొదట్లోనే కత్తిరించి పారెయ్యండి, ఎవడూ "ఒకసారి పెట్టి చూద్దాం" అనకుండా.

నల్లరేగడి | జూన్ 25, రాత్రి 9:00

సెల్లులంటే గుర్తొచ్చింది. నిమ్మకాయ బ్యాటరీ పెట్టేటోళ్లు అందరూ టార్చి బల్బు పెట్టి, వెలగలేదని ఊరుకుంటరు. ఒక నిమ్మకాయకి రాగితీగ, జింకు పూత మేకు గుచ్చితే ఒక వోల్టు కన్న కొంచెం తక్కువ వస్తది. కరెంటు మరీ సన్నగ పారుతది, టార్చి బల్బుకి అది ఏ మూలకూ చాలదు. ఎర్ర ఎల్ఈడీ పెట్టాలె. మూడు నాలుగు నిమ్మకాయలు వరుసగ కలిపితే వెలుగుతది, గదిల చీకటి చేసి చూడాలె. ఎల్ఈడీ పొడుగు కాలు రాగి వైపు. తర్వాత ఆ నిమ్మకాయలతోని పులిహోర చెయ్యొద్దు, జింకు దిగి ఉంటది.

కాలవగట్టు | జూలై 1, రాత్రి 9:48

ఈ వారం ప్లాన్‌లో లేనిది జరిగింది. వచ్చేటప్పుడు ఒక అమ్మాయి సైకిల్ పంక్చర్ అయింది. ఒకబ్బాయి "సార్, నేను షాపుకి తోసుకెళ్తా" అన్నాడు. ఆ అమ్మాయి "ఇక్కడే వెయ్యలేమా?" అంది. ఏడో తరగతి. మొత్తం క్లాసు అటు మళ్లింది.

షాపాయన రబ్బరు సొల్యూషన్, ప్యాచీలు, రెండు లీవర్లు అరువిచ్చారు. బకెట్టు నీళ్లలో ట్యూబు ముంచి బుడగ వెతకడం అందరికీ వచ్చు. ఆ అమ్మాయి దొరికిన కన్నం మీద బాల్‌పెన్నుతో గుర్తు పెట్టింది, తడికి చెరిగిపోయింది. మళ్లీ వెతికి ఈసారి ఆరబెట్టి గుర్తు పెట్టింది. గరుకు కాగితంతో రుద్దింది. సొల్యూషన్ రాసి వెంటనే ప్యాచీ అతికించింది. గాలి కొట్టగానే పక్కకి జారింది. షాపాయన చేతులు కట్టుకుని చూస్తూ ఒక్క మాట కూడా చెప్పలేదు. టీచరమ్మ గారి శిష్యుడేమో అనుకున్నా.

మూడోసారి ఆవిడే ఆగింది. సొల్యూషన్ పల్చగా రాసి, వేలితో తాకితే అంటుకోనంతగా ఆరేదాకా నోటుబుక్కుతో విసురుకుంటూ కూర్చుంది. అప్పుడు అతికింది. అందులో ఉన్న ద్రావకం ముందు ఎగిరిపోవాలి, లేకపోతే రెండు రబ్బర్లూ పట్టుకోవని షాపాయన అప్పుడు నోరు విప్పారు.

ఒకటి గమనించా. మొదటి మూడు వారాలూ అమ్మాయిలు నోటుబుక్కులు నింపారు, అబ్బాయిలు స్క్రూడ్రైవర్లు పట్టుకున్నారు. ఎవరూ చెప్పలేదు, అదే అలా సర్దుకుంది. ఈ వారం నుంచి జట్టులో పనులు పావుగంటకోసారి చేతులు మార్చాలని రూలు పెట్టాం. అబ్బాయిల రాత చూస్తే ఏడుపొస్తోంది.

టీచరమ్మ_ఖమ్మం | జూలై 1, రాత్రి 10:20

ఆ రూలు సడలించకండి. మా బడిలో ల్యాబ్ బల్లల దగ్గర అదే జరిగేది, నేను గుర్తించడానికే ఆరేళ్లు పట్టింది.

వానలు పడ్డాయి కదా, ఇక వానమాపకం పెట్టండి. రోజూ చూడాల్సిన పని ఒకటి ఉంటే క్లబ్ ఆదివారానికి పరిమితం కాదు. అడుగు నుంచి పైదాకా ఒకే వెడల్పున్న బాటిల్ తీసుకుని, మెడ కోసి, తిరగేసి అదే బాటిల్లో గరాటులా దించండి. అడుగున గుంటలు ఉంటాయి కాబట్టి గులకరాళ్లు వేసి, సున్నా గీత దాకా నీళ్లు పొయ్యండి. అక్కడి నుంచి స్కేలు. వాతావరణ శాఖవాళ్లు పొద్దున 8:30కి లెక్క చూస్తారు, మీరూ అప్పుడే చూడండి. ఒక మిల్లీమీటరు వాన అంటే ఒక చదరపు మీటరు మీద ఒక లీటరు నీళ్లు. ఈ మాట చెప్పాక పిల్లలు వాళ్ల డాబా మీద ఎన్ని బిందెలు కురిసిందో లెక్కేస్తారు, చూడండి.

కాలవగట్టు | జూలై 9, రాత్రి 8:30

మా ఊళ్లో రికార్డు వాన! ఆదివారం రాత్రి కురిసింది, పొద్దున 8:30కి పిల్లలు 92 మిల్లీమీటర్లు రాశారు. మండలం లెక్క 21 అంటున్నారు. పిల్లలు "గవర్నమెంటు డబ్బాకి చిల్లు పడింది" అని తేల్చేశారు. వాళ్ల డబ్బా ఆరు కిలోమీటర్ల దూరంలో ఉంది, వాన అక్కడ తక్కువ పడి ఉండొచ్చని నేనూ అనుకున్నా. కానీ మరీ అంత తేడానా?

టీచరమ్మ_ఖమ్మం | జూలై 9, రాత్రి 8:52

గరాటు ఏది పెట్టారు?

కాలవగట్టు | జూలై 9, రాత్రి 8:55

బాటిల్ మెడ సరిగ్గా తెగలేదండీ. కిరాణా కొట్లో నూనె గరాటు కొన్నా, పెద్దది. ఎక్కువ వాన పడుతుంది కదా అని...

అయ్యో.

టీచరమ్మ_ఖమ్మం | జూలై 9, రాత్రి 8:57

😀 చెప్పకండి. పిల్లలకి మాత్రం చెప్పకండి. గరాటు లేకుండా అదే బాటిల్ ఇంకోటి పక్కన పెట్టించండి. చాలు.

కాలవగట్టు | జూలై 16, రాత్రి 9:30

చెప్పలేదు. నాలుక కరుచుకుని ఊరుకున్నా.

గురువారం వానకి గరాటు బాటిల్లో 60, ఉత్త బాటిల్లో 15. ఆదివారం పొద్దున రెండూ గది మధ్యలో పెట్టుకుని కూర్చున్నారు. ఒకడు ఉత్త బాటిల్‌కి చిల్లు ఉందేమో అని నీళ్లు పోసి చూశాడు, లేదు. పంక్చర్ వేసిన అమ్మాయే స్కేలు తెచ్చి గరాటు మూతి కొలిచింది: 14 సెంటీమీటర్లు. బాటిల్ మూతి: 7. "డబుల్ ఉంది, అందుకే డబుల్ పడింది" అంది. వెంటనే చిన్నవాడు "డబుల్ అయితే 30 ఉండాలి కదక్కా, 60 ఎలా వచ్చింది?" అన్నాడు. గది అంతా చప్పుడు లేదు.

గళ్ల కాగితం మీద రెండు వృత్తాలూ గీయించా. సెంటీమీటరు గళ్లు లెక్కపెట్టారు, సగం తెగినవి రెండేసి కలుపుకుంటూ. చిన్నదానిలో 38, పెద్దదానిలో 153. (22/7తో నేను ఇంట్లో వేస్తే 38.5, 154 వచ్చింది. పిల్లల లెక్కకి దండం పెట్టాలి.) నాలుగు రెట్లు! అప్పుడు ఎనిమిదో తరగతి పిల్లాడొకడు, "ఇదేనా సార్ పై ఆర్ స్క్వేర్?" అన్నాడు. పరీక్షలో దానికి వాడికి ఐదుకి ఐదు వచ్చాయట.

92ని నాలుగుతో భాగిస్తే 23. మండలం 21. వాళ్లే వెళ్లి నోటుబుక్కులో 92 కొట్టేసి పక్కన 23 రాశారు. డల్లాస్ పిన్ని గారూ, కొట్టివేత అలాగే ఉంచాం.

డల్లాస్_పిన్ని | జూలై 16, రాత్రి 11:40

ఇది చదివి మావాడికి తెలుగులో వినిపించా. "వాళ్ల సార్ గరాటు కొనడం వల్లే కదా తెలిసింది" అంటున్నాడు. ఈ ఏడు కోళ్లగూడు తలుపు వాడే వేస్తున్నాడు లెండి.

ఇద్దరు_పిల్లల_అమ్మ | జూలై 17, ఉదయం 10:15

ఈ గరాటు సంగతి మా పెద్దాడితో చెప్పా. తొమ్మిదో తరగతి వాడు. రెండు రెట్లే అన్నాడు, సూత్రం కంఠతా వచ్చినా. నిన్న మేడ మీద రెండు బాటిళ్లు పెట్టాడు. నేను ముట్టుకోలేదు, ఒట్టు.

కాలవగట్టు | జూలై 22, రాత్రి 9:05

ఇంకో గొడవ. నిన్న మధ్యాహ్నం మబ్బు విడిచిందని మీటరు కర్ర పాతి నీడ చూశాం. మధ్యాహ్నం నీడ ఉత్తరానికి పడుతుందని అందరం చదువుకున్నాం కదా. మాకు దక్షిణానికి, కాలవ వైపు పడింది. అదీ ఆరేడు సెంటీమీటర్లే. ఫోన్లో దిక్సూచి పెట్టి రెండుసార్లు చూశాం. పైగా నీడ అన్నిటికన్నా పొట్టిగా ఉన్నది 12కి కాదు, 12:10 ప్రాంతంలో. కర్ర వంకరేమో అని దారానికి రాయి కట్టి కూడా చూశాం.

పాత_పంచాంగం | జూలై 22, రాత్రి 10:12

కర్ర బాగానే ఉంది, మీ పిల్లల కళ్లూ బాగానే ఉన్నాయి. కర్కాటక రేఖకి దక్షిణంగా ఉన్నవాళ్లకి సూర్యుడు ఏడాదిలో రెండుసార్లు సరిగ్గా నడినెత్తిన వస్తాడు. మీకు మే మొదటి వారంలో ఒకసారి, ఆగస్టు మొదటి వారంలో ఒకసారి. ఆ మధ్య మూడు నెలలూ మధ్యాహ్నం సూర్యుడు మీకు ఉత్తరాన ఉంటాడు, కాబట్టి నీడ దక్షిణానికి. జూన్ 21 ప్రాంతంలో చూసి ఉంటే మీటరు కర్రకి 12 సెంటీమీటర్ల దాకా కనపడేది.

టైం సంగతి. మన దేశపు గడియారం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని బట్టి నడుస్తుంది. అది కాకినాడకి దగ్గర్లోనే పోతుంది. మీరు దానికి కాస్త పడమర, ఒక డిగ్రీకి నాలుగు నిమిషాల లెక్కన మీకు మూడు నిమిషాలు ఆలస్యం. జూలై చివర్లో సూర్యుడే గడియారం కన్నా ఆరు నిమిషాలు వెనక ఉంటాడు. కలిపితే మీ 12:10. నేనుండే హైదరాబాద్‌లో అదే రోజు 12:22 అవుతుంది. అన్నవరం గుడి దగ్గర నీడ గడియారం ఉంది, వీలైతే పిల్లల్ని తీసుకెళ్లండి. వెళ్లే ముందు ఈ లెక్క వాళ్లతోనే వేయించండి.

ఆగస్టు మొదటి వారమంతా కర్ర అక్కడే ఉంచండి. మబ్బు కరుణిస్తే ఒకరోజు నీడ మాయమవుతుంది.

కాలవగట్టు | ఆగస్టు 7, రాత్రి 8:20

వారమంతా మబ్బే పంచాంగం గారూ. ఒక్కరోజు మాత్రం నాలుగు నిమిషాలు ఎండ వచ్చింది. బడి ఉన్న రోజు, పిల్లలెవరూ లేరు. మామ్మగారు ఒక్కరే చూశారట, "కర్రకి నీడ లేదురా, ఏం చేశారు దానికి?" అని సాయంత్రం మమ్మల్నే నిలదీశారు. ఆవిడ చెప్పింది తేదీ, టైముతో సహా నోటుబుక్కులో రాసుకున్నాం.

బాబాయ్, ఒక అర్జెంటు సంగతి. తిరగని మోటారు జట్టులో ఒకడున్నాడు కదా, వాళ్ల నానమ్మ పాత మిక్సీ పాడైందట. "నేను విప్పుతా" అని ఒంటికాలి మీద ఉన్నాడు. గోడ ప్లగ్గు వస్తువు కాబట్టి నేను వద్దన్నా. రెండు రోజులుగా నాతో మాట్లాడటం లేదు.

వైండింగ్_బాబాయ్ | ఆగస్టు 7, రాత్రి 8:47

వాణ్ణి శనివారం సాయంత్రం మిక్సీతో సహా మా షాపుకి పంపు. ప్లగ్గు నేను కత్తిరిస్తా, మిగతాది వాడే విప్పుతాడు. కార్బన్ బ్రష్షులు (మోటారులో తిరిగే భాగానికి కరెంటు అందించే ముక్కలు) అరిగి ఉంటాయి, తొంభై శాతం అదే. గుడ్ల అట్ట మాత్రం వాణ్ణే తెచ్చుకోమను.